నోరులేని ఇంగ్లీషు చదువు

మెకాలేదొర 1835వ సంవత్సరమున తన ప్రసిద్ధమైన విజ్ఞాపనపత్రమును వ్రాసి నేటికి ఇంచుమించుగా రెండువందల యేండ్లు కావచ్చినది. అప్పటినుండి మన తెలుగునాట ఇంగ్లీషు చదువునకై తల్లిదండ్రులు వెచ్చించిన ధనమునకును, పిల్లలు మేల్కొన్న రాత్రులకును లెక్క లేదు. ఇంత వెచ్చించి మనము గడించిన దేమి? పది పండ్రెండేండ్లు ఇంగ్లీషు చదివి, నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న పిల్ల, ఆ భాష మాటలాడు మనుష్యుని యెదుట నిలిచి "నిన్న వాన కురిసినందున ప్రయాణము వాయిదా వేసికొంటిమి" అను చిన్నమాటను చెప్పలేక నేలచూపులు చూచుచున్నది. పోస్ట్‌పోన్ అను పెద్దమాట ఆమెకు వచ్చును. దాని వర్ణక్రమమును నిద్దురలో లేపి యడిగినను తప్పక చెప్పగలదు. కాని యెదుటివాడు "పుట్ ఆఫ్" అన్నంతనే, పుట్ అనగా పెట్టుట గదా, ఆఫ్ అనగా దీపమార్పుట గదా, ఈ రెండును కూడి వాయిదా యెట్లయినదని దిగ్భ్రమ నొందును. ఈ దోషము పిల్లది కాదు, చదువుది. దీనిని గూర్చి కొన్ని మాటలు నిష్కర్షగా చెప్పవలసి యున్నది.

ఇంగ్లీషులో గెట్, పుట్, టేక్, గో, కమ్, గివ్, లుక్, టర్న్ మొదలగు చిన్నక్రియలు కొన్ని కలవు. అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్, ఓవర్, బ్యాక్ మొదలగు చిఱుపదములు కొన్ని కలవు. ఈ క్రియకును ఆ చిఱుపదమునకును పెండ్లి చేసినచో పుట్టెడు బిడ్డ యొక్కొకప్పుడు తల్లిని గాని తండ్రిని గాని పోలియుండదు. గివ్ అనగా ఇచ్చుట. గివ్ అప్ అనగా మానుకొనుట; గివ్ ఇన్ అనగా లొంగుట; గివ్ అవే అనగా ఊరక యిచ్చివేయుటయు, రహస్యమును బయట పెట్టుటయు. లుక్ ఆఫ్టర్ అనగా పోషించుట. లుక్ ఇంటూ అనగా విచారించుట. లుక్ డౌన్ ఆన్ అనగా చులకన చేయుట. పెండ్లి పుట్ ఆఫ్ అయినదన్నచో ముహూర్తము మాఱినదని యర్థము. కాల్ ఆఫ్ అయినదన్నచో సంబంధమే చెడినదని యర్థము. ఒక్క చిన్నక్రియలో పొరపాటు పడినయెడల రెండు కుటుంబములు కలతపడుట కిది చాలును.

వీనిని ఇంగ్లీషువారు ఫ్రేజల్ వెర్బు లందురు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన "వర్డ్స్ అండ్ ఇడియమ్స్" అను గ్రంథమువలన ఈ పేరు ప్రచారమునకు వచ్చినది. దీనిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటుసంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని ఆయన చెప్పెను. మేము వీనిని జంటక్రియ లనెదము. పేరు క్రొత్తదైనను వస్తువు పాతది. శామ్యూల్ జాన్సను 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికలోనే, విదేశీయులకు ఇంగ్లీషులో మిక్కిలి కష్టమును గలిగించునవి ఈ కూర్పులే యనియు, అందుచే వీనిని ప్రత్యేకశ్రద్ధతో గుర్తించితిననియు వ్రాసెను. అనగా రోగ మేదియో తెలిసి 270 యేండ్లయినది. మన బడులలో మందు మాత్రము నేటికిని మాఱలేదు.

ఈ కష్టమునకు మూలమేమో చూతము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట కొలువుకూటములలోనికిని, ధర్మాసనములలోనికిని ఫ్రెంచి మాటలు ప్రవేశించెను. పండితులవలన లాటిను మాటలు వచ్చి చేరెను. ప్రాతయింగ్లీషు మాటలు వంటయింటను, పొలమునను, సంతలోను నిలిచెను. కావున ఆ భాషలో ఒక్కొక్క పనికి రెండేసి మాటలు కలవు. టాలరేట్ అన్నను పుట్ అప్ విత్ అన్నను సహించుటయే. ఎక్స్‌టింగ్విష్ అన్నను పుట్ అవుట్ అన్నను ఆర్పుటయే. ఇన్వెస్టిగేట్ అన్నను లుక్ ఇంటూ అన్నను విచారించుటయే. మొదటిది పీటమీది మాట, రెండవది పెరటిలోని మాట. ఇది మనకు వింత గాదు. మన భాషలోను తత్సమములు కలవు, దేశ్యములు కలవు. మనము పిల్లలకు మొట్టమొదట నేర్పునవి యేవి? "దీపము ఆర్పు", "మెట్లు దిగు", "లోపలికి రా" అను మాటలే. "దీపనిర్వాపణ మొనర్పుము, సోపానావరోహణము గావింపుము" అని చంటిబిడ్డకు నేర్పిన తల్లి యేయూర నైనను కలదా? అట్టి తల్లి కనబడినచో ఊరివారు నవ్వుదురు. ఇంగ్లీషు విషయమున మాత్రము మన బడులన్నియు ఆ తల్లి చేయని పనినే చేసినవి. పీటమీది మాటల నన్నిటిని నేర్పి, పెరటిమాటల నొక్కటియు నేర్పక, పిల్లను ఇంగ్లీషువాని యింటికి కాపురమునకు పంపినట్లు లోకములోనికి పంపుచున్నవి.

నేర్పుటయే లేదని మేమనుట లేదు. నేర్పుచున్నారు, నేర్పక యుండినను ఇంతకంటె మేలుగా నుండెడిది. ఎట్లు నేర్పుచున్నారో వినుడు. అకారాది క్రమమున ఒక పట్టిక. ఎడమ ప్రక్క జంటక్రియ, కుడిప్రక్క దాని యర్థము. బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ అవుట్, బ్రేక్ అప్. దినమున కిరువదేసి కంఠస్థము. మఱునాడు అప్పగింత. "పుట్ అప్ విత్ అనగా నేమి?" "సహించుట, సార్." "కూర్చుండుము." ఆ పిల్లవాడు కూర్చుండును. వాడు సహించిన దేమో, ఎవనిని సహించెనో, ఏ సందర్భమున ఏ స్వరముతో ఆ మాట నోటినుండి వెడలవలయునో గురువు అడుగలేదు, శిష్యుడు ఎఱుగడు. పరీక్షలో ఖాళీనింపుటతో ఆ మాటకు ఆయువు తీఱును. ఒకే క్రియకు అయిదు చిఱుపదములను వరుసగా ముడివేసి ఒకేదినమున బోధించుట, ఒకేపోలిక గల అయిదుగురు కవలలను ఒకేసారి చూపి పేర్లు చెప్పి మఱునాడు గుర్తుపట్టు మనుటవంటిది. బ్రేక్ డౌన్ అనగా బండి చెడుట, బ్రేక్ అప్ అనగా స్నేహము చెడుట. ఈ రెండును మఱునాటికి కలగాపులగమై, పిల్లవాడు బండితో స్నేహము చెడగొట్టుకొనుటలో ఆశ్చర్యమేమి?

ఇట్లు విఫలమైన బోధను సమర్థించుకొనుటకు కొందఱు "తెలుగువాని బుద్ధి కివి పట్టవు, మన భాషలో ఇట్టివి లేవు" అందురు. ఈ మాట శుద్ధాబద్ధము. మన భాషలో ఇట్టివి కొల్లలు. లోబడుట అను మాటను చూడుడు. లో అనగా లోపల, పడుట అనగా పడుట. లోపల పడినవాడు లొంగినవా డెట్లయ్యెను? పైబడుట యనగా మీద పడుటయే గాక, ఎదిరించి కొట్టవచ్చుట యెట్లయ్యెను? వెలివేయుట, వెనుదీయుట, ఎదురాడుట, బయటపడుట, త్రోసిపుచ్చుట, కనిపెట్టుట, తలపెట్టుట మొదలగు మాటలలో ఏ యొక్కదాని యర్థమైనను దాని తునకలను విడదీసి కూడిన వచ్చునా? చుట్టము రాకకై ఎదురుచూచుచున్నామందుము. ఇంగ్లీషువాడు లుక్ ఫార్వర్డ్ అనును. మనము ఎదురునకు చూచితిమి, వాడు ముందునకు చూచెను, ఇద్దఱును చూచిన దొక్క త్రోవనే. అంతకంటె చిత్రము వినుడు. జాన్సను తన పీఠికలో ఉదాహరించిన జంటక్రియలలో ఫాల్ ఆన్ అనునది యొకటి. దాని కాయన చెప్పిన యర్థము ఎదిరించి కొట్టుట. ఫాల్ ఇన్ అనునది మఱియొకటి. దాని కాయన చెప్పిన యర్థము ఒప్పి నడచుకొనుట. ఇవి అక్షరాల మన పైబడుటయు లోబడుటయు గావా? విదేశీయులకు దుర్గమమని ఆ పండితుడు భయపడిన చోట తెలుగుబిడ్డ పుట్టినింటిలో వలె తిరుగగలదు. ఆ సంగతి నామెకు చెప్పువా రుండవలయును గదా!

అప్ అను చిఱుపదము క్రియకు సంపూర్ణతను దెచ్చును: ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్. మన వేయు ధాతువును ఇట్లే చేయును: తినివేయుట, త్రాగివేయుట, అమ్మివేయుట. తినుటకును తినివేయుటకును గల భేద మెట్టిదో మూడేండ్ల బిడ్డకు తెలియును; వ్యాకరణము చెప్పినవా రెవరు? ఇంతెందుకు? ఇంగ్లీషు అక్షరము ఒక్కటియు రాని మన యవ్వలు లాకప్ అన్నచో పోలీసుఠాణా యనియు, లాకౌట్ అన్నచో మిల్లు మూత పడినదనియు, 2020 నుండి లాక్‌డౌన్ అన్నచో ఇల్లు కదలరాదనియు నిస్సందేహముగా చెప్పుదురు. క్రియ యొక్కటే, చిఱుపదములు మూడు, అర్థములు మూడు. ఏ పట్టికలోనుండి వారు దీనిని కంఠస్థము చేసిరి? కార్యాలయములలో గుమాస్తా "ఫైలు పుటప్ చేసితిని" అనును. నాటకములవారు గెటప్, మేకప్ అందురు. జీవితమున అవసరము వచ్చినది, మాట చెవిని బడినది, నోటికి వచ్చినది. దీనివలన తేలిన దేమనగా, బుద్ధి మందము గాదు, బోధ మందము.

ఇందులో పోయినదేమి, నాలుగు మాటలు రాకున్న కొంప మునుగునా యని కొంద ఱడుగవచ్చును. ఒక్కొక్కప్పుడు మునుగును. నేడు తెలుగుకుటుంబములలో ఎందఱో బిడ్డలు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను స్థిరపడియున్నారు. కానుపునకై కూతురికడకు పోయిన తల్లి అచ్చట తాను జబ్బుపడి వైద్యునికడ ఒంటరిగా కూర్చుండవలసి వచ్చినదనుకొందము. ఆమె పట్టభద్రురాలే. వైద్యుడు "త్రో అప్ చేసితివా?" అని యడుగును. వామిటింగ్ అనినచో ఆమెకు తెలియును. పైకి విసరుటతో ఆమెకేమి పని? మఱల "పాస్ అవుట్ అయితివా?" అని యడుగును. మనవారు కళాశాల చదువు ముగించుటకు పాసవుట్ అందురు గదా! ఆమె, తన చదువును గూర్చి యడుగుచున్నాడు కాబోలునని, సంతోషముతో అవునని తలయూచును. ఆ దేశమున ఆ మాటకు మూర్ఛపోవుట యని యర్థము. రాని మూర్ఛ వైద్యుని పుస్తకమున కెక్కును. వచ్చిన వాంతి యెక్కదు. మందు వేర్ ఆఫ్ అగునప్పుడు నొప్పి తిరిగి వచ్చునని చెప్పినచో, మందును ధరించుట యెట్లని ఆమె విస్తుపోవును. ఉప్పు కట్ డౌన్ చేయుమన్నచో నరకుట యెట్లని తలంచును. ఇందు నవ్వవలసిన దేమియు లేదు. ఆమె మనలో నెవరికైనను తల్లి కావచ్చును. ఇన్ని డబ్బులు పోసి కొన్న చదువు ఆమెను ఆ కుర్చీలో మూగదానిగా కూర్చుండబెట్టినది.

ఇంటిపట్టున నున్నవారి కష్టమును తక్కువది గాదు. పల్లెనుండి హైదరాబాదునకు పోయి ఉద్యోగపుటింటర్వ్యూలో కూర్చుండిన యువకుని "ఈ పనిని మీరెట్లు క్యారీ అవుట్ చేసెదరు, ఇబ్బందులు కమ్ అప్ అయినప్పుడు ఎవరితో టేక్ అప్ చేసెదరు?" అని యడిగినచో, విషయము తెలిసియు ప్రశ్న తెలియక ఓడిపోవును. వానికంటె తక్కువ చదివియు, ఇంట ఇంగ్లీషు వినబడుచుండిన పట్నపుబిడ్డ గెలుచును. అప్పుడు ఓడినది వాని తెలివి గాదు, వాని పుట్టుక. చదువు పుట్టుకను గెలువలేనప్పుడు ఆ చదువునకు ప్రయోజన మేమి? కులమువలనను ధనమువలనను కలిగిన యెక్కువతక్కువలను చదువు చెఱపునని చెప్పుచు, ఆ చదువులోనే మాటలాడు నింగ్లీషు ఉన్నవారి కొక్కటి, ఖాళీలు నింపు నింగ్లీషు లేనివారి కొక్కటి పంచిపెట్టుట మహాపరాధము.

మా పక్షమున కెదురు నిలుచువారు నాలుగు విధములవారు. వారి వాదములను క్రమముగా పరిశీలింతము.

మొదటివారు పండితంమన్యులు. జంటక్రియలు నీచములనియు, గ్రామ్యములనియు, విద్యావంతుడు లాటిను పుట్టుకగల గంభీరపదములనే వాడవలయుననియు వీరి మతము. కార్యాలయమునకు వ్రాయు జాబులో పోస్ట్‌పోన్ అను మాటయే తగునని మేమును ఒప్పుకొందుము. కాని ఉత్తరమునకు తగినది ముచ్చటకు తగదు. మఱియు జంటక్రియలన్నియు పెరటివి గావు. 2020 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ హైకోర్టు ప్రాథమికపాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధించు ఉత్తరువులను కొట్టివేసినది. ఇట్టి తీర్పులను చెప్పునప్పుడు ఇంగ్లీషున స్ట్రైక్ డౌన్, సెట్ అసైడ్ అందురు. ధర్మాసనమున కూర్చుండిన మాట గ్రామ్య మెట్లగును? ఈ పండితుల శిష్యులు అవసరమైన చోట చిఱుపదమును విడిచి, అక్కఱలేని చోట తగిలించుచుందురు. కోప్ విత్ అనవలసిన చోట కోప్ అప్ విత్ అందురు. రిటర్న్ అన్న చాలునప్పుడు రిటర్న్ బ్యాక్ అందురు. డిస్కస్ అనుటకు తోడు అబౌట్ అందురు. చెవితో వినని భాషకు ఇట్టి యవస్థ తప్పదు.

రెండవవారు ఇంగ్లీషే వలదనువారు. మాతృభాషపై వీరికి గల ప్రేమ మాకును గలదు. బిడ్డకు తొలిచదువు తెలుగుననే జరుగవలయునని మా దృఢవిశ్వాసము. అయినను ఇంగ్లీషును మానుట యొకటి, చెడ్డయింగ్లీషును పండ్రెండేండ్లు చదివించుట యొకటి. వీరు మొదటిదానిని సాధింపలేదు. రెండవదానిని ఆపుటకు పూనుకొనలేదు. ఎట్లును నేర్పుచున్నప్పుడు, మాటలాడుటకు పనికివచ్చునట్లుగా నేర్పుమనుటలో తెలుగున కేమి నష్టము? లోబడుటను చూపి గివ్ ఇన్ నేర్పినచో బిడ్డకు రెండు భాషలందును వెలుగు గలుగును.

మూడవవారు ఇంగ్లీషు మాధ్యమము పెట్టినచో సమస్తమును చక్కబడునని నమ్మినవారు. అన్ని పాఠములును ఇంగ్లీషుననే చదివినచో ఇంగ్లీషు దానంతట వచ్చునట! సైన్సుపుస్తకమున ఎవాపొరేషన్ కలదు గాని డ్రై అప్ లేదు. చరిత్రపుస్తకమున రెబెల్ కలదు గాని స్టాండ్ అప్ టు లేదు. పుస్తకపు ఇంగ్లీషు పదిరెట్లయినను పలుకు నింగ్లీషు కాదు. వరిపొలమెంత విశాలమైనను అందు మామిడి కాయదు. అధ్యాపకుని నోట పలుకుబడి లేనిచో మాధ్యమము పేరు మాత్రమే మాఱును.

నాలుగవవారు వర్తకులు. ముప్పదిదినములలో వేయి జంటక్రియలు నేర్పెదమని పలకలు కట్టినవారు. వీరితో వాదము పనిలేదు, లెక్క చాలును. దినమునకు ముప్పదిమూడు క్రియలు చొప్పున పడును. ఒక్కొక్కదానికి సగటున అయిదాఱు అర్థములుండును. మనుష్యుడు మోయగల భారమేనా ఇది? మఱియు మోయవలసిన యవసరమైనను కలదా? 2007లో గార్డ్నర్, డేవీస్ అను పరిశోధకులు పదికోట్ల మాటలుగల బ్రిటిషు ఇంగ్లీషు భాషాసంచయమును పరీక్షించి, 20 క్రియలు 8 చిఱుపదములతో కూడి అందలి జంటక్రియాప్రయోగములలో సగమునకు పైగా ఆక్రమించినవని చూపిరి. 2015లో గార్నియే, ష్మిట్ అనువారు మిక్కిలి వాడుకలోనున్న 150 జంటక్రియలను ఏఱి, వాని ముఖ్యార్థములను 288గా తేల్చిరి. నూటయేబది చాలునప్పుడు వేయి యమ్ముట, దాహమైనవానికి చెఱువును తూకమున అమ్మినట్లున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. మాటలసంఖ్యను తగ్గించినంతమాత్రమున భాష సులభ మగునను భ్రమ కూడ పనికిరాదు. సి. కె. ఆగ్డెన్ అను పండితుడు 1930లో 850 మాటలతో బేసిక్ ఇంగ్లీషు అనుదానిని నిర్మించెను. అందు క్రియలు 18 మాత్రమే. చూచువారికి ఎంత సులభము! కాని తక్కిన క్రియల పనినెల్ల ఆ పదునెనిమిదియు చిఱుపదములతో కూడి చేయవలసి వచ్చినది. తలుపు దగ్గఱ తగ్గిన బరువు దొడ్డిదారిని లోపలికి వచ్చినది. కావున సంఖ్య మితముగా నుండవలయును. ఆ మితములో ఒక్కొక్కటియు సందర్భముతో, స్వరముతో, అభ్యాసముతో నుండవలయును.

ఇది తెలుగువారి కొక్కరికే కలిగిన చిక్కును గాదు. 1985లో డాగుట్, లౌఫర్ అనువారు హీబ్రూభాష మాతృభాషగా గల విద్యార్థులను పరీక్షించి, వారు జంటక్రియలను తప్పించుకొని ఏకపదములనే వాడుచున్నారని కనుగొనిరి. 1989లో డచ్చివారిని పరీక్షింపగా, స్వభాషలో ఇట్టి క్రియలున్నను, అర్థము దూరముగా నున్నవానిని వారును తప్పించుకొనుచుండిరని తేలినది. దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? పోలికను చూపుట ద్వారమును తెఱచుట మాత్రమే. లోపలికి నడచుటకు వినుటయు పలుకుటయు వలయును.

అట్లైన నేర్పుట యెట్లు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము మన యింటిలోనే యున్నది. జర్మనీలో విల్హెల్మ్ ఫియెటోర్ 1882లో భాషాబోధ త్రోవ మఱలవలయునని పిలుపునిచ్చెను. ఆ పిమ్మట హెన్రీ స్వీట్, ఆటో యెస్పర్సన్ మొదలగువారు జీవద్భాషను నోటినుండియే నేర్పవలయునని వాదించిరి. ఇరువదవ శతాబ్దపు తొలిదశకమున యేట్సు దొర పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చి, పలుకు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత దూరమేమని అడిగెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిపంతులుగారి హృదయమున నాటి వ్యావహారికభాషోద్యమ మయ్యెను. ఆ మహనీయుడు సవరభాషను నేర్చినది యే పట్టికలోనుండి? సవరల నోటనే విని, వారితో మాటలాడి, తప్పి, దిద్దుకొని నేర్చెను. అనంతరమే 1931లో సవరభాషా బోధినిని, 1938లో నిఘంటువును అచ్చొత్తించెను. మొదట చెవి, పిదప నోరు, అటుపిమ్మట పుస్తకము. ఆయన జన్మదినమున ఆగస్టు 29వ తేదిని తెలుగుభాషాదినోత్సవము చేసికొనుచున్నాము. మెడలో దండ వేయుచున్నాము. ఆయన త్రోవలో నడచుట మాత్రము పుట్ ఆఫ్ చేయుచున్నాము.

ఇంగ్లీషును నేర్పువారిని తీర్చిదిద్దుటకై 1958లో మన హైదరాబాదుననే కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలసినది. 1979 మొదలు 1984 వఱకు ఎన్. ఎస్. ప్రభుగారు బెంగుళూరు మొదలగు దక్షిణదేశపు పట్టణములలోని సామాన్యపాఠశాలలందే, పట్టికలును వ్యాకరణసూత్రములును లేక, ఆలోచించి చేయవలసిన పనుల నొసగి, ఆ పనులవెంట భాష వచ్చునట్లు ప్రయోగము చేసి చూపిరి. కావున ఇది మనదేశమునకు పొసగని పరదేశవిద్య యనుటకు వీలులేదు.

మేము కోరున దింతే. తొలితరగతిలో గురువు "గెట్ అప్, సిట్ డౌన్, కమ్ ఇన్, పిక్ ఇట్ అప్, పుట్ ఇట్ డౌన్" అని చెప్పుచు చేయించవలయును; చేసిన పని మఱవబడదు. పై తరగతులలో దినచర్యను బట్టి కూర్పవలయును: మేల్కొనుట, బడికి బయలుదేఱుట, అంగడి, వైద్యశాల, రైలు, టెలిఫోను. అకారాదిక్రమము నిఘంటువునకే విడువవలయును. చిఱుపదమును గట్టిగా పలుకుట నేర్పవలయును. గివ్ అప్ అనునప్పుడు ఊనిక అప్ మీద పడనిచో విన్నవానికి తెలియదు. సర్వనామము వచ్చినప్పుడు పుట్ ఇట్ ఆఫ్ అని నడుమ నిలుచుననియు, లుక్ ఆఫ్టర్ ఇట్ అనుచోట అట్లు నిలువదనియు, సూత్రముగా గాక వందసార్లు పలికించి చెవికి పరిచయము చేయవలయును. అర్థమును చెప్పుటకు తెలుగును నిస్సంకోచముగా వాడవలయును. పరీక్షలో ఖాళీలకు బదులు, విని యుత్తరము చెప్పించుటకు మార్కు లీయవలయును.

ఇదంతయు ప్రభుత్వము చేయువఱకు ఇంటివారు చేతులు ముడుచుకొని యుండవలసిన పనిలేదు. ఇంటిలో నిప్పుడే మానదగిన దొకటి కలదు, అది నవ్వుట. కోడలు ఒక ఇంగ్లీషుమాట తప్పుగా పలికినచో మఱదులు నవ్వుదురు. తండ్రి తప్పు పలికినచో కాన్వెంటు బిడ్డలు నవ్వుదురు. ఆ నవ్వులకు వెఱచి ఎందఱు స్త్రీలు, ఎందఱు బీదబిడ్డలు నోరు మూసికొనిరో! తెలుగు తప్పుగా మాటలాడిన పరదేశీయుని మనము మెచ్చుకొందుము. ఇంగ్లీషు తప్పుగా మాటలాడిన మనవారిని వెక్కిరింతుము. ఇది స్వభాషాభిమానము గాదు, భాషాభిమానమును గాదు. దాస్యమున మిగిలిన మచ్చ. తప్పు పలికినవాడు నేర్చుకొనుచున్నాడు. నవ్వినవాడు వాని నోరు నొక్కుచున్నాడు.

చదువరులారా! మీ యింటి బిడ్డ చేతిలో వేయిక్రియల పట్టిక యున్నచో దానిని ప్రక్కన పెట్టించుడు. రాత్రి భోజనమువేళ రెండు మాటలు, రెండే మాటలు, నలుగురును కలసి పలుకుడు. అమ్మను చేర్చుకొనుడు, అవ్వను చేర్చుకొనుడు. లాకప్పునకును లాక్‌డౌనునకును భేద మెఱిగిన అవ్వ మీకంటె వెనుకబడదు. వారమునకు పదునాలుగు, మూడు నెలలు తిరుగకమున్నే నూటయేబది. ఇంత స్వల్పప్రయత్నముతో తెఱవదగిన నోటిని ఇన్నేండ్లు మూసియుంచిన బోధను ఇంకను పుట్ అప్ విత్ చేయుట మనకు తగదు.